మంచినీళ్ళలో పేరుకున్న రాయి

నంద్యాలలో డిగ్రీ విద్యార్థులకూ ఊరివాళ్ళకూ ఒక భూవిజ్ఞాన అధ్యాపకుడు ఇచ్చిన ప్రసంగం ఇది. రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డు విని రాశాం. తడబాట్లు మాత్రం తీసేశాం.

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్ళు ముందుకొచ్చి కూర్చోండి బాబూ. ముందు వరస ఏమీ కరవదు.

ఒక పళ్ళ డాక్టరు సంగతి చెప్తాను. 2024లో, యూరప్‌లో. వాళ్ళ అమ్మానాన్నలు ఇంట్లో కొత్త టైల్స్ వేయించారు. ఈయన చూడ్డానికి వెళ్ళాడు. నడుస్తుంటే ఒక టైల్‌లో వంకరగా ఏదో కనబడింది. మనమైతే రాయిలో డిజైన్ అనుకుని మీద నడిచి వెళ్ళిపోతాం. ఆయనకి మాత్రం రోజూ చూసే వస్తువే అది. మనిషి కింది దవడ. అడ్డంగా కోసిన దవడ, పళ్ళతో సహా! ఫొటో తీసి ఇంటర్నెట్‌లో పెట్టాడు. ఇక చూడండి, శిలాజాల మీద పనిచేసేవాళ్ళందరూ దాని మీద పడ్డారు. ఆ టైల్ ట్రావర్టైన్ అనే రాయి. టర్కీలో డెనిజ్లి అనే చోటినుంచి వచ్చింది.

ఇది మొదటిసారి కూడా కాదు. అదే డెనిజ్లి ప్రాంతంలో, కొజాబాష్ అనే ఊరి దగ్గర తవ్విన ట్రావర్టైన్‌ని 2002లో పలకలుగా కోస్తుంటే పుర్రె ముక్కలు బయటపడ్డాయి. మన జాతి కాదు, మనకన్నా ముందటి హోమో ఎరెక్టస్ పుర్రె. దాని వయసు పది లక్షల ఏళ్ళ పైమాటే అని తర్వాత తేల్చారు.

సరే, ఇప్పుడు మీకు ఒక ప్రశ్న. మన బేతంచెర్ల నాపరాయిలో ఎవరికైనా దవడ దొరికిందా? ఈ హాల్లో సగం మంది ఇళ్ళలో ఆ బండలే ఉంటాయి. దొరికిందా? లేదు. దొరకదు కూడా. ఇంకో వందేళ్ళు కోసినా దొరకదు. ఎందుకని? అదీ సున్నపురాయే, ఇదీ సున్నపురాయే. రెండింటి మీదా యాసిడ్ చుక్క వేస్తే రెండూ బుసబుసా పొంగుతాయి. లాబ్‌లో ఇస్తే రెండింటికీ కాల్షియం కార్బొనేట్ అనే రాసిస్తారు. మరి తేడా ఎక్కడుంది?

పుట్టిన చోటులో ఉంది. మన నాపరాయి సముద్రం అడుగున పేరుకుంది. అదీ ఎలాంటి సముద్రం? శంఖాలూ చిప్పలూ చేసుకునే జీవులు ఇంకా పుట్టని కాలపు సముద్రం. అందులో మనిషి ఎముక ఎక్కణ్ణుంచి వస్తుంది? డెనిజ్లి రాయి మాత్రం నేలమీద పేరుకుంది. ఊట దగ్గర, నీళ్ళకోసం జంతువులూ మనుషులూ వచ్చిపోయే చోట. అదీ తేడా.

నేను ఇవాళ చెప్పదలచుకున్నది ఇంతే. మంచినీళ్ళలో పుట్టిన సున్నపురాయి నేలమీద జరిగినదాన్ని దాచుకుంటుంది. ఎంత వాన పడింది, ఏ చెట్లున్నాయి, ఎవరు తిరిగారు, అన్నీ. కానీ ఆ రాయి ఎలా పుట్టిందో ముందు తెలుసుకోకుండా అది చెప్పేదాన్ని నమ్మకూడదు. పుట్టుక తెలియకుండా చదివితే తప్పు చదువుతాం. చదివారు కూడా, వస్తాను ఆ సంగతికి.

ముందు పుట్టుక. కెమిస్ట్రీ అనగానే మొహాలు మాడ్చుకోకండి. ఒక్కటే రియాక్షన్, అదీ మీ ఇంట్లో రోజూ జరిగేదే.

వాన నీళ్ళు గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ని కొంచెం పట్టుకుంటాయి. మా చిన్నప్పటి పుస్తకాల్లో బొగ్గుపులుసు వాయువు అని ఉండేది. గాలిలో దొరికేది కొంచెమే. అసలు సరుకు మట్టిలో ఉంటుంది. వేళ్ళు ఊపిరి తీస్తాయి, కుళ్ళిన ఆకుల్ని సూక్ష్మజీవులు తింటాయి, దాంతో మట్టి రంధ్రాల్లో కార్బన్ డయాక్సైడ్ బయటి గాలిలో కన్నా పదుల రెట్లు, ఒక్కోసారి వంద రెట్లు ఎక్కువ చేరుతుంది. ఆ మట్టిలోంచి దిగిన నీళ్ళు పల్చటి యాసిడ్ అవుతాయి. కింద సున్నపురాయి తగిలితే కరిగించుకుంటాయి. ఇదంతా చీకట్లో, భూమి లోపల.

ఆ నీళ్ళు మళ్ళీ బయటి గాలి తగిలే చోటికి వస్తాయి. ఊటగా రావచ్చు, గుహ కప్పునుంచి చుక్కగా రావచ్చు. అక్కడ గాలిలో కార్బన్ డయాక్సైడ్ తక్కువ. గోలీసోడా కొట్టగానే ఏమవుతుంది? గ్యాసు పోతుంది. ఇక్కడా అంతే, నీళ్ళలోని గ్యాసు బయటికి పోతుంది. గ్యాసు పోయాక ఆ నీళ్ళకి సున్నాన్ని పట్టుకుని ఉండే శక్తి పోతుంది. సున్నం రాయిగా దిగిపోతుంది. ఆ రాయి పేరే కాల్సైట్.

చాలామంది నీళ్ళు ఆవిరైపోతే రాయి మిగులుతుందనుకుంటారు. మిగులుతుంది, ఉప్పు మడిలో ఉప్పు మిగిలినట్టే. కాని గుహల్లో, ఊటల దగ్గర జరిగేది ప్రధానంగా అది కాదు. గుహలో గాలి నూటికి నూరుపాళ్ళు తేమగా ఉంటుంది, నీళ్ళు ఆవిరయ్యేదెక్కడ? అక్కడ పోయేది నీళ్ళు కాదు, గ్యాసు. ఈ ఒక్క మాట గుర్తుపెట్టుకోండి, పరీక్షలో రాకపోయినా పనికొస్తుంది. మీ గీజర్ కాయిల్ మీద తెల్లటి పొర కడుతుంది చూశారా, బోరు నీళ్ళ ఇళ్ళలో? అక్కడ కూడా వేడికి గ్యాసు ఎగిరిపోయి సున్నం దిగింది. గీజర్ రిపేరుకొచ్చే అబ్బాయి సుత్తితో కొట్టి రాలగొట్టేది అచ్చంగా ఇదే రాయి.

మరి గ్యాసు ఎక్కడ బాగా పోతుంది? నీళ్ళు కిందపడి చిట్లే చోట, పల్చగా పారే చోట, నాచు ఎండలో ఆహారం తయారు చేసుకుంటూ కార్బన్ డయాక్సైడ్‌ని లాక్కునే చోట. అందుకే క్రొయేషియాలో ప్లిట్‌విత్సె అనే చోట వింత జరుగుతోంది. 1979 నుంచి యునెస్కో జాబితాలో ఉంది. ఒకదాని కింద ఒకటి 16 సరస్సులు. వాటి మధ్య ఆనకట్టలున్నాయి. ఎవరూ కట్టలేదు, నీళ్ళే కట్టుకున్నాయి. ఎలాగంటే, జలపాతం అంచున నీళ్ళు చిట్లుతాయి, గ్యాసు పోతుంది, సున్నం అక్కడి పాచి మొక్కల మీద పేరుకుంటుంది. పాచి కింద రాయైపోతూ పైన పెరుగుతూ పోతుంది. పేరుకున్నకొద్దీ గట్టు ఎత్తవుతుంది, వెనక సరస్సు లోతవుతుంది. గట్టు ఏడాదికి సెంటీమీటరు వరకు కూడా పెరుగుతుందట. రాయి అంత వేగంగా పెరగడం మామూలు విషయం కాదు. అదే లెక్కన నూరేళ్ళు పెరిగితే నిలువెత్తు మనిషి నడుము దాటుతుంది.

అలా చల్లటి నీళ్ళలో, మొక్కల మీద పేరుకున్న గుల్లరాయి టూఫా. టూఫా ముక్క పగలగొట్టి చూస్తే ఆకుల అచ్చులు కనబడతాయి. ఆకు కుళ్ళిపోయింది, దాని ఈనెలు మాత్రం రాతిలో ఉండిపోయాయి. కొమ్మ పోయింది, కొమ్మంత బొక్క మిగిలింది. ఆ కాలంలో గట్టుమీద ఏ చెట్టుందో ఇంతకన్నా సూటిగా ఎవరు చెప్తారు? దక్షిణాఫ్రికాలో టౌంగ్ అనే చోట సున్నం కోసం టూఫా గని తవ్వేవాళ్ళు. 1924లో అక్కడ దొరికిన చిన్నపిల్ల పుర్రె రేమండ్ డార్ట్ అనే శాస్త్రవేత్త చేతికి వచ్చింది. మనిషి పూర్వీకుల కథ ఆఫ్రికాలో వెతకాలని ప్రపంచానికి మొదట గట్టిగా చెప్పిన పుర్రె అది. మనుషుల కథలో ఈ గుల్లరాయి వాటా చిన్నది కాదు.

వేడి ఊటల దగ్గర పేరుకునేది ట్రావర్టైన్. గట్టిగా, పొరలు పొరలుగా ఉంటుంది. రోమ్ నగరం పక్కన తివోలీ గనుల నుంచి తెచ్చిన ట్రావర్టైన్‌తోనే కొలోసియం కట్టారు. డెనిజ్లి పక్కనే పముక్కలె ఉంది, తెల్లటి మెట్లు మెట్లుగా ఉండే కొండ, ఫొటోల్లో చూసే ఉంటారు. అక్కడ హోటళ్ళు కట్టి ఊటనీళ్ళు ఈత కొలనులకు మళ్ళించుకుంటే తెల్ల మెట్లు మట్టి రంగుకి వచ్చేశాయి. తర్వాత ఆ హోటళ్ళు తీసేశారు. రాయి పెరగాలంటే నీళ్ళు రావాలి, అంతే కదా. ట్రావర్టైన్‌కి ఒక చిక్కుంది. వేడి ఊటలో నీళ్ళు, గ్యాసు కొంతవరకు భూమి లోతునుంచి వస్తాయి. అందుకని దాని రసాయనం పైనున్న వాతావరణం గురించే చెబుతోందని అనుకుంటే పప్పులో కాలేసినట్టే. దవడ దాచగలదు, కాని వాన లెక్క చెప్పమంటే ట్రావర్టైన్ మంచి సాక్షి కాదు.

వాన లెక్క చెప్పేది గుహ రాయి. ఇప్పుడు మన దగ్గరికి వచ్చాం.

బెలుం చూడనివాళ్ళు చేతులెత్తండి. ఇంతమందా? నంద్యాలలో ఉండి? ఆదివారం బస్సెక్కండి బాబూ. కొలిమిగుండ్ల దగ్గర, 3,229 మీటర్ల గుహ. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫూట్ అనే ఆంగ్లేయ భూవిజ్ఞాని దాని గురించి రాశాడు. మళ్ళీ 1982, 83లో డేనియల్ గెబౌర్ అనే జర్మన్ తన బృందంతో వచ్చి లోపలంతా కొలిచాడు. ఆ గుహ గోడ సముద్రపు రాయి. గోడ మీద నుంచి వేలాడేది మంచినీటి రాయి. సముద్రపు రాయిని వాన నీళ్ళు కరిగించి, అదే సున్నంతో కొత్త రాయి కట్టాయి. మధ్యలో ఎన్నో కోట్ల ఏళ్ళు. మీరు చెయ్యి చాపితే రెండు కాలాల మధ్య జానెడు దూరం. కాని చెయ్యి చాపకండి. చర్మం జిడ్డు అంటితే ఆ చోట రాయి పెరగడం ఆగిపోతుంది. మన ఊపిరిలోని కార్బన్ డయాక్సైడ్ కూడా గుహలో ఎక్కువైతే రాయి పేరుకునే బదులు కరగడం మొదలెడుతుంది. ఫ్రాన్స్‌లో లాస్కో గుహని 1963లో జనానికి మూసేయడానికి కారణాల్లో జనం ఊపిరి కూడా ఒకటి. యాగంటి బసవన్న పెరుగుతున్నాడా అని ఎవరో ఒకరు అడుగుతారని నాకు తెలుసు. ఇవాళ నేను మాట్లాడేది నీళ్ళతో పెరిగే రాళ్ళ గురించి మాత్రమే.

కప్పునుంచి వేలాడేది స్టాలక్టైట్, చుక్క పడే చోట కింద నుంచి లేచేది స్టాలగ్మైట్. మాకు కావలసింది కింద లేచేది. ఎందుకంటే అది పొర మీద పొరగా చక్కగా పెరుగుతుంది. ఏడాదికి మిల్లీమీటరులో పదో వంతు పెరిగిందంటే బాగా పెరిగినట్టే. నిలువునా కోసి పాలిష్ చేస్తే పొరలు కనబడతాయి.

పొర వయసు ఎలా తెలుస్తుంది? ఇక్కడ ప్రకృతి మనకి చేసిన మేలు ఒకటుంది. యురేనియం నీళ్ళలో కరుగుతుంది. థోరియం దాదాపుగా కరగదు. కాబట్టి గుహలోకి దిగే చుక్క యురేనియం తెస్తుంది, థోరియం తేదు. కొత్త పొరలో థోరియం సున్నా. తర్వాత యురేనియం తనంతట తాను క్షీణిస్తూ థోరియం పుట్టిస్తుంది. పొరలో ఎంత థోరియం పోగైందో కొలిస్తే వయసు వస్తుంది. దాదాపు ఆరు లక్షల ఏళ్ళ దాకా ఈ గడియారం పనిచేస్తుంది. మట్టి కలిసిన మురికి రాయిలో మాత్రం పనిచేయదు, ఎందుకంటే మట్టితో పాటు పాత థోరియం కూడా వచ్చేస్తుంది.

వెనకెవరో కార్బన్ 14 అంటున్నారు. మంచి మాట. కాని సున్నపురాతి నీళ్ళ విషయంలో అది మోసం చేస్తుంది. నీళ్ళలోని కార్బన్‌లో కొంత పాత రాయి కరిగి వచ్చింది, దాంట్లో కార్బన్ 14 ఎప్పుడో అయిపోయింది. దాన్ని తిని పెరిగిన నత్త చిప్పని కొలిస్తే, నిన్న చచ్చిన నత్త కూడా వందల ఏళ్ళ కిందటిదని తేలొచ్చు.

వయసు తేలింది. వాన లెక్క? ఆక్సిజన్‌లో తేలిక పరమాణువుంది, 16. బరువు పరమాణువుంది, 18. మేఘంలోంచి వాన పడేటప్పుడు బరువుది ముందు దిగుతుంది. వాన ఎంత కురిస్తే మిగిలిన ఆవిరి అంత తేలికవుతుంది. బలమైన రుతుపవనాల కాలంలో మన ప్రాంతంలో వాన నీళ్ళలో 18 తక్కువ. ఆ నీళ్ళతో పేరుకున్న గుహ రాయిలోనూ తక్కువ. కరువు కాలంలో ఎక్కువ. రాయిని పొరల వెంట దంతవైద్యుల డ్రిల్ లాంటిదానితోనే గీకుతారు, పొడి కొలుస్తారు.

మనకి దగ్గర్లో బస్తర్‌లో, జగదల్‌పూర్ పక్క కాంగేర్ లోయలో, దండక్ అనే గుహ ఉంది. అక్కడి స్టాలగ్మైట్ మీద 2007లో వచ్చిన అధ్యయనం సుమారు క్రీస్తుశకం 600 నుంచి 1500 వరకు వానల లెక్క ఇచ్చింది. 14వ శతాబ్దంలోనూ, 15వ శతాబ్దం మొదట్లోనూ దశాబ్దాల తరబడి బలహీనమైన వానలు కనబడ్డాయి. దక్కన్‌లో 1396లో మొదలైందని చెప్పుకునే దుర్గాదేవి కరువు ఆ కాలపుదే. ఆ లెక్క వినగానే మన చరిత్ర పిల్లలు ఒకరు కాకతీయులు అందుకే పడిపోయారా సార్ అన్నారు. అలా ముడిపెట్టకండి. ఓరుగల్లు 1323లో పడింది, దానికి ఢిల్లీ సైన్యాలు చాలు. రాయి వాన సంగతే చెబుతుంది, రాజ్యం సంగతి చెప్పదు.

మన రాష్ట్రంలోనే వాల్మీకి గుహ అని ఉంది. అందులోని స్టాలగ్మైట్ మీద హైదరాబాద్ ఎన్‌జీఆర్‌ఐ అనే జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు పనిచేశారు. 15,700 ఏళ్ళ కిందటి నుంచి 14,700 ఏళ్ళ కిందటి వరకు, అంటే హిమయుగం వదులుతున్న రోజుల్లో, ఒక వెయ్యేళ్ళ వానల తీరు అందులో దొరికింది. ఆ కాలంలో ఇక్కడ రాసిపెట్టేవాడు లేడు, లెక్కపెట్టేవాడు లేడు. సముద్రం అడుగు బురద కూడా రుతుపవనాల సంగతి చెబుతుంది, కాని అది ఎన్నో నదులు తెచ్చిన బురద. వాల్మీకి గుహ మీద పడింది ఇక్కడి వాన.

మేఘాలయలో సోహ్రా, అంటే మన చిరపుంజి దగ్గర మామ్లు గుహ సంగతి మీరు వినే ఉంటారు. అక్కడి స్టాలగ్మైట్‌లో 4,200 ఏళ్ళ కిందటి కరువు గుర్తు ఆధారంగా 2018లో మన ప్రస్తుత భూకాలానికి మేఘాలయన్ అని పేరు పెట్టారు. ప్రపంచమంతటికీ ఒక మన దేశపు రాయి కొలబద్ద అయింది. గర్వంగానే ఉంటుంది, నాకూ ఉంటుంది. కాని ఆ తర్వాత అదే గుహ నుంచీ మరికొన్ని గుహల నుంచీ వచ్చిన కొత్త రికార్డుల్లో ఆ కరువు ఆకారం అచ్చం అలాగే లేదు. ఒక్క రాయి మీద అంత బరువు పెట్టడం నాకు ఇష్టం లేదు. ఒకే గుహలో పక్కపక్క రెండు చుక్కలు వేరు వేరు దారుల్లో దిగొచ్చు. ఒకటి నెలలో దిగుతుంది, ఇంకొకటి ఏళ్ళ తరబడి రాయిలో నిలవుండి, పాత వాన కొత్త వాన కలిపి దిగుతుంది. రెండు రాళ్ళు ఒకే మాట చెబితే అప్పుడు నమ్ముతాను.

ఇక చెరువు రాయి. ఇది నాకు అన్నిటికన్నా ఇష్టమైంది, కాబట్టి కొంచెం ఎక్కువసేపు తీసుకుంటాను, ఏమనుకోకండి.

సుమారు 6 కోట్ల 60 లక్షల ఏళ్ళ కిందట దక్కన్ మీద లావా పారింది. ఒకసారి కాదు, పొర మీద పొర. రెండు పొరల మధ్య విరామంలో పల్లాల్లో చెరువులు ఏర్పడ్డాయి. చెరువుల్లో నత్తలు, నీటి మొక్కలు పెరిగాయి. కారా అని ఒక నీటి మొక్క ఉంది, ఇప్పటికీ మన చెరువుల్లో ఉంటుంది, ముట్టుకుంటే గరగరలాడుతుంది. ఎందుకంటే దాని ఒంటి మీద సున్నం పేరుకుంటుంది. అది చచ్చాక ఆ సున్నం చెరువు అడుగు బురదలో కలుస్తుంది. దాని విత్తు లాంటి గుండ్రటి భాగం సున్నంతో గట్టిపడి శిలాజమవుతుంది, భూతద్దంలో చూస్తే మర మేకులాగా మెలికలు తిరిగి ఉంటుంది. వాటితో పాటు నువ్వు గింజ కన్నా చిన్న రెండు చిప్పల జీవులు. ఇవన్నీ పేరుకుని సున్నపురాయీ, సున్నపు బంకమన్నూ అయ్యాయి. మీదికి ఇంకో లావా వచ్చి మూత పెట్టింది.

1830ల్లో మద్రాసు వైద్యశాఖకు చెందిన మాల్కంసన్ అనే డాక్టరు నిర్మల్ కొండల వైపు తిరుగుతూ ఈ లావా మధ్య రాళ్ళలో మంచినీటి నత్తల్ని పట్టుకున్నాడు. చూడండి, నిప్పు రాయి మధ్యలో నీటి నత్త! 1988లో వికారాబాద్ దగ్గర నస్కల్ అనే చోట ఇలాంటి పొరల్లోనే జి.వి.ఆర్. ప్రసాద్, అశోక్ సాహ్ని చిన్న చిన్న పళ్ళు కనిపెట్టారు. డైనోసార్లు ఇంకా తిరుగుతున్న కాలపు పాలిచ్చే జంతువు పళ్ళు. భారతదేశంలో ఆ కాలానికి అదే మొదటిది. డెక్కనోలెస్టిస్ అని పేరు పెట్టారు. జంతువు ఎలుకంత, పన్ను ఎంతుంటుందో ఊహించుకోండి. మట్టిని కడిగి, జల్లెడ పట్టి, మైక్రోస్కోప్ కింద ఏరాలి.

ఇప్పుడు రాజమండ్రి వెళ్దాం. గోదావరి గట్టున కాతేరు, అవతల పంగిడి. అక్కడా లావా పొరలు, మధ్యలో సున్నపురాయి. చూడ్డానికి అచ్చం నస్కల్ సంగతే. కాని లోపల జీవుల్ని చూస్తే ఉప్పునీటి నాచు జాతులున్నాయి, ఉప్పూ మంచీ కలిసిన నీళ్ళలో బతికే నత్తలున్నాయి, కారా విత్తులూ ఉన్నాయి. అదెలా? నది వచ్చి సముద్రంలో కలిసే చోటు అది. మంచినీళ్ళ నుంచి కారా కొట్టుకొచ్చి ఉప్పునీటి జీవుల పక్కన పడింది. అంటే ఆ రోజుల్లో సముద్రపు ఒడ్డు రాజమండ్రి దగ్గర ఉంది, వికారాబాద్ దగ్గర చెరువుంది. ఇదంతా ఒక కాల్షియం కార్బొనేట్ లెక్క చూస్తే తెలుస్తుందా? తెలియదు. కారా విత్తు ఒక్కటే చూసి మంచినీళ్ళని రాసేస్తే కాతేరు దగ్గర తప్పవుతుంది. లోపల ఏముందో అంతా ఏరాలి.

టైమెంతైంది? ఇంకో పది నిమిషాలా? సరే, మట్టి గుండ్లతో ముగిస్తాను.

మీలో నల్లరేగడి పొలం ఉన్నవాళ్ళకి తెలుసు. బావి తవ్వినా పునాది తవ్వినా మోకాటి లోతులో తెల్లటి సున్నపు గుండ్లు వస్తాయి. ఇవి కూడా మంచినీటి రాయే. వాన తక్కువ పడే చోట నీళ్ళు మట్టిలోకి కొంత దూరమే దిగుతాయి, మళ్ళీ ఎండకూ వేళ్ళకూ పోతాయి. సున్నం అక్కడే నిలిచి గుండ్లు కడుతుంది. వానలు ఎక్కువైతే సున్నం కరిగి కొట్టుకుని కిందికి పోతుంది, గుండ్లు కట్టవు. కాబట్టి పాత మట్టి పొరలో గుండ్లు కనిపిస్తే అప్పుడు కరువు సీమ లాంటి వాతావరణం అని ఒక మాట తెలిసినట్టే.

ఇంకో మాట కూడా తెలుస్తుంది. గుండు లోని కార్బన్ మొక్కల వేళ్ళ ఊపిరి నుంచి వస్తుంది. మొక్కల్లో రెండు రకాలు. వరి, చెట్లు ఒక రకం. జొన్న, సజ్జ, చెరకు, వేడి ప్రదేశాల గడ్డి ఇంకో రకం. రెండు రకాల కార్బన్ తీరు వేరు, బరువు కార్బన్ వాటా వేరు. అంటే గుండు కొలిస్తే పైన అడవుందా గడ్డి మైదానమా తెలుస్తుంది. పాకిస్తాన్‌లో పోత్వార్ పీఠభూమిలో మట్టి గుండ్లు కొలిచి, 70, 80 లక్షల ఏళ్ళ కిందట అక్కడ అడవి పోయి గడ్డి వచ్చిందని 1989లో చూపించారు.

ఇప్పుడు మన జ్వాలాపురం. ఇక్కణ్ణుంచి ఎంతో దూరం లేదు. జుర్రేరు వాగు లోయలో తెల్లటి బూడిద పొర ఉంది. ఊళ్ళో దాన్ని తవ్వి గిన్నెలు తోమే పొడికి అమ్మేవాళ్ళు. అది సుమత్రాలో టోబా అగ్నిపర్వతం 74,000 ఏళ్ళ కిందట పేలినప్పుడు వచ్చి పడిన బూడిద. పేలుడంటే మామూలు పేలుడు కాదు, గత ఇరవై లక్షల ఏళ్ళలో అంతటిది లేదంటారు. మైకేల్ పెట్రాగ్లియా, రవి కోరిశెట్టర్ బృందం ఇక్కడ తవ్వి, బూడిద కిందా రాతి పనిముట్లున్నాయి, బూడిద పైనా అలాంటివే ఉన్నాయి, మనుషులు తట్టుకుని బతికారు అని 2007లో రాశారు. 2009లో ఇంకో బృందం, మార్టిన్ విలియమ్స్ వాళ్ళు, మధ్య భారతంలో బూడిద దొరికిన చోట్ల సున్నపు గుండ్లు కొలిచారు. బూడిద కింద గుండ్లు అడవి అన్నాయి, బూడిద పైన గుండ్లు గడ్డి అన్నాయి. టోబా అడవుల్ని చంపేసిందని వాళ్ళ వాదన. రెండు వైపులా చాలా కాగితాలు ఖర్చయ్యాయి.

నా మటుకు నాకు ఒక ప్రశ్న ఉంది. గుండు కట్టేది నేల పైన కాదు, నేల లోపల. మోకాటి లోతులో, నడుం లోతులో. బూడిదకి ఒక అడుగు పైన దొరికిన గుండు, బూడిద పడ్డ మర్నాడు కట్టిందా? లేక ఆ తర్వాత ఇంకో రెండు మూడు అడుగుల మట్టి పేరుకుని, వేల ఏళ్ళ తర్వాత, ఆ పై నేల మీది గడ్డి వేళ్ళ వల్ల కట్టిందా? రెండోదైతే ఆ గుండు టోబా గురించి ఏమీ చెప్పడం లేదు, తర్వాత వచ్చిన ఇంకేదో వానలు తగ్గిన కాలం గురించి చెబుతోంది. ఒక్కో గుండు కట్టడానికి కూడా వందలు, వేల ఏళ్ళు పట్టొచ్చు. అడవి పదేళ్ళలో పోయి నూరేళ్ళలో తిరిగొస్తే ఆ గుండులో అది కనబడదు.

దీన్ని తేల్చాలంటే గుండ్లనే విడివిడిగా యురేనియం, థోరియంతో వయసు కట్టాలి. మట్టి కలిసిన రాయి కాబట్టి కష్టం, నేను ఇందాకే చెప్పాను. కష్టమే కాని చేయలేని పని కాదు, గుండు లోపల శుభ్రమైన కాల్సైట్ ఉన్న చోటు చూసి తీయాలి. జుర్రేరు లోయలో బూడిద పైనా కిందా గుండ్లున్నాయి. మీలో ఎమ్మెస్సీకి వెళ్ళేవాళ్ళు ఎవరైనా ఈ పని చేస్తామంటే కూర్చుని మాట్లాడదాం. ఇక ప్రశ్నలు అడగండి.